పదో పేజీలో మెతుకు

మా శంకరానికి ఒక అలవాటు ఉండేది. రేడియోకి గానీ, నాటకపోటీలకి గానీ నాటిక పంపేటప్పుడు పదో పేజీకీ పదకొండో పేజీకీ మధ్య ఒక అన్నం మెతుకు పెట్టి నొక్కేవాడు. తిరిగొచ్చాక ఉత్తరం చదివేవాడు కాదు, ముందు పదో పేజీ తీసేవాడు. పేజీలు విడిపోయి ఉంటే అక్కడిదాకా చదివారని లెక్క. అతుక్కునే ఉంటే చదవకుండానే తిప్పికొట్టారని లెక్క. అతని చలవతో ఆ అలవాటు నాకూ అంటుకుంది. 1988 ఫిబ్రవరి నాటికి అతను పంపినవి పదిహేడు, నేను పంపినవి పదకొండు. విడిపోయి వచ్చినవి రెండంటే రెండు. అందులో ఒకదాని మెతుకు చీమలు తిన్నాయని నా అనుమానం. శంకరం మాత్రం ఎవరో చదివారనే వాదించేవాడు.

శంకరం పూర్తి పేరు గౌరీశంకరం. ఊరు తెనాలి. ట్యుటోరియల్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు, మిగిలిన సమయమంతా హాస్యం రాసేవాడు. నాది రేపల్లె. బి.ఏ. అయి రెండేళ్లు దాటింది. నాకు మిగిలిన సమయమే తప్ప మొదటి సమయం లేదు. వారానికోసారి రేపల్లె పాసెంజరెక్కి వెళ్లి, తెనాలి స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద అతనితో కూర్చునేవాణ్ణి. అతని చేతిలో ఎప్పుడూ నాలుగు పనులుండేవి. ఇద్దరు వియ్యంకుల మీద ఒక నాటిక, మద్రాసు సినిమావాళ్ల కోసం హాస్య సన్నివేశాల కట్ట, రేడియోకి ఒకటి, పత్రికకి ఒకటి. ఏదీ ఒక పట్టాన పూర్తయ్యేది కాదు. నావి పూర్తయ్యేవి, అదే వాటి లోపం అనేవాడు శంకరం.

కాలు నిలిచేది కాదు నాకు. పోస్టుమాన్ వెంకటరత్నంగారు మా వీధిలోకి వచ్చేలోపు మూడుసార్లు గేటు దాకా పోయి వచ్చేవాణ్ణి. ఆయన రాకపోతే పోస్టాఫీసుకే పోయేవాణ్ణి. మా నాన్న జ్ఞానానందం మాస్టారు, ఎలిమెంటరీ స్కూలు హెడ్మాస్టరు, మా లూథరన్ సంఘంలో పెద్ద. నన్ను చూసి కళ్లజోడు తీసి తుడుచుకునేవారు. ఏమీ అనేవారు కాదు. తుడుచుకోవడమే ఆయన అనడం.

మా అమ్మ కృపమ్మ అలా కాదు. ఆమెకి మాటలే మాటలు.

ఆ నెలలోనే ఒక గురువారం శంకరం మా ఇంటికి వచ్చాడు. మా సంఘంలో ఆడవాళ్లకి ఒక ఆనవాయితీ ఉంది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. అది దేవుడి పాలు. గురువారం మధ్యాహ్నం స్త్రీల సమాజం కూడికకి ఎవరి డబ్బా వాళ్లు తెచ్చి పెద్ద తపేలాలో పోస్తారు. అందరూ కూర్చుని చేటల్లో రాళ్లూ వడ్లూ ఏరతారు. ఆ బియ్యం దిక్కులేని ముసలివాళ్లకి, జబ్బున పడ్డవాళ్లకి పోతాయి. ఆ కూడిక నుంచి అమ్మ వచ్చేసరికి మేము వసారాలో కూర్చుని నవ్వు రాని నాటిక ఒకటి దిద్దుకుంటున్నాం.

"ఏం నాయనా శంకరం, ఎంతసేపైంది వచ్చి? టీ ఇచ్చాడా వీడు? ఇవ్వడు. రేడియోవాళ్లు చెప్తే ఇస్తాడు," అంటూ చేట గోడకి ఆనించి, చెంగుతో ముఖం తుడుచుకుని మెట్టు మీద కూర్చుంది. "ఇవాళ మా సమాజంలో జరిగింది వింటే నువ్వు రైలు మర్చిపోతావు."

మొదలుపెట్టింది. ముందు సమాజం ప్రెసిడెంటు రాజమ్మగారైంది. లేని కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని ఒక్కో డబ్బాలోకీ తొంగిచూసింది. తర్వాత సామ్రాజ్యం పిన్నయింది. సామ్రాజ్యం పిన్ని అమ్మకి చిన్నప్పటి స్నేహితురాలు, రైలు కట్ట అవతల ఉంటుంది. ఏం మాట్లాడినా చివర చూపుడువేలు పైకెత్తి, "ఏమో తల్లీ, పైవాడికి తెలుసు" అనడం ఆమె ఊతపదం.

"సామ్రాజ్యం డబ్బా వంచిందయ్యా. వారం బియ్యం, చారెడు కూడా లేవు. రాజమ్మగారి కళ్లజోడు ఇక్కడికొచ్చింది. అందరూ అటే చూస్తున్నారు. నేనన్నాను, 'ఏంటే సామ్రాజ్యం, ఈ వారం గుప్పెడు ఎవరిది?' అని. అది తడుముకోకుండా 'మా సువార్తదక్కా' అంది. సువార్తంటే దాని మనవరాలులే, మూడేళ్ల పిల్ల. 'బాగుందమ్మా, దేవుడు గుప్పెడన్నాడుగానీ ఎవరి గుప్పెడో చెప్పలేదుగా' అన్నా. ఇంక చూడు! రాజమ్మగారు తన చెయ్యి తను చూసుకుంది. అదేమో ఇంత. 'ఇన్నేళ్లూ నేనెంత మోసపోయానే కృపమ్మా' అంది!"

శంకరం వసారా అంచు మీద నుంచి జారిపోయాడు. నిజంగానే జారాడు, మోచెయ్యి గీరుకుంది. అమ్మ ఒక్కొక్కరూ తమ తమ చేతులు ఎలా చూసుకున్నారో, ఎవరెవరు మనవల్ని తలుచుకున్నారో చేసి చూపించింది. చివర తన చేతిని సువార్త గుప్పిటంత చేసి, మెల్లిగా తెరిచి, కాసేపు ఆ అరచేతిలోకి చూసింది. తర్వాత లేచి కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఆ చివరిది నేను చూశాను. చూశానుగానీ నా చెయ్యి అప్పటికే కలం కోసం జేబులో వెతుకుతోంది.

"ఒరే ప్రకాశం," అన్నాడు శంకరం మోచెయ్యి ఊదుకుంటూ. "నువ్వు రాయకపోతే నేను రాస్తాను. చెప్తున్నా."

మూడు రోజుల్లో రాసేశాను. పేరు 'చిన్న చెయ్యి'. అందులో పేరమ్మ అనే పరమ పిసినారి ఉంటుంది. దేవుడికి పెట్టే గుప్పెడు తగ్గించడానికి మనవరాలి చేత పెట్టిస్తుంది. అదీ ఎక్కువైందని పక్కింటి పసిగుడ్డుని అరువు తెచ్చుకుంటుంది. వీధిలో పిల్లలందర్నీ వరసలో నిలబెట్టి ఎవరి చెయ్యి చిన్నదో కొలుస్తుంది. చివరికి కలలో దేవుడొచ్చి, నీ పంట నీకిస్తానని అదే చిన్న గుప్పెడు తెరుస్తాడు. ఊరి పేరు పెట్టలేదు. పేరమ్మకి మొగుడు లేకుండా చేశాను, ఇంకో వీధిలో ఇల్లు కట్టించాను. ఇక ఎవరూ పోల్చుకోరనుకున్నాను. కానీ "ఏమో తల్లీ, పైవాడికి తెలుసు" అన్నది మాత్రం వదులుకోలేకపోయాను. అది లేకపోతే నాటిక చప్పబడింది, రెండుసార్లు తీసి చూశాను. మూడోసారి పెట్టేశాను.

అమ్మకి చూపించలేదు. తీసుకున్నారని తెలిశాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను.

మామూలుగా రేడియో నుంచి జవాబు రావడానికి ఆరు నెలలు పట్టేది. ఈసారి మూడు వారాలకే వచ్చింది. కవరు కాదు, ఉత్త ఉత్తరం. నాటిక తిరిగి రాలేదంటే దాని అర్థం ఏమిటో తెలుసుకోవడానికి రెండుసార్లు చదవాల్సివచ్చింది. మార్చి పదిహేడు, గురువారం, మధ్యాహ్నం రెండున్నరకి, స్త్రీల కార్యక్రమంలో. గేటు దగ్గరే నిలబడి వెంకటరత్నంగారి చెయ్యి పట్టుకుని ఊపేశాను. ఆయన సైకిలు పడిపోయింది.

నాన్న ఉత్తరం తీసుకుని కళ్లజోడు తుడుచుకోకుండా చదివారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు, నాకు తిరిగి ఇవ్వలేదు. ఆ ఆదివారం గుడిలో ప్రసంగం అయ్యాక ప్రకటనలు చదివేటప్పుడు, ఈస్టరు ముందటి శ్రమకాలపు కూడికల వేళలు చెప్పి, గొంతు సవరించుకుని, "మరియు మన సంఘ యువకుడు ప్రకాశం రచించిన నాటిక వచ్చే గురువారం రేడియోలో ప్రసారమగును. స్త్రీల సమాజపు సహోదరీలు కూడికలోనే వినునట్లు ఏర్పాటు చేయబడినది," అన్నారు. ఆయన నా పేరు గుడిలో పలకడం నా బాప్తిస్మం తర్వాత అదే మొదటిసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ ఏర్పాటేమిటో, ఎవరెవరు వింటారో ఆ క్షణాన నాకు తట్టనే లేదు.

తట్టింది గురువారం మధ్యాహ్నం. గుడి వెనక గదిలో మా ఇంటి రేడియో బల్ల మీద పెట్టారు. ఇరవైమంది ఆడవాళ్లు చాపల మీద చేటలతో కూర్చున్నారు. అమ్మ పక్కనే సామ్రాజ్యం పిన్ని, ఒళ్లో సువార్త. నన్ను చూసి, "రావయ్యా రచయితగారూ," అని నవ్వి జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేక గుమ్మం దగ్గర నిలబడ్డాను.

నాటిక మొదలైంది. రాజమ్మగారు మొదటి నిమిషంలోనే నవ్వింది. పసిగుడ్డుని అరువడిగే చోట గదంతా గొల్లుమంది. అప్పుడు రేడియోలో నటి, ఎవరో తెలియని విజయవాడ గొంతు, దీర్ఘం తీస్తూ, "ఏమో తల్లీ, పైవాడికి తెలుసు!" అంది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఒకరి మోచెయ్యి ఇంకొకరికి తగిలింది. తలలన్నీ ఒక్కొక్కటిగా పిన్నివైపు తిరిగాయి. సామ్రాజ్యం పిన్ని కూడా నవ్వుతోంది. నిజమైన నవ్వే, పళ్లు కనిపించే నవ్వు. రెండోసారి ఆ మాట వచ్చేసరికి ఆ నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం రేడియో వదిలి తన చేటలోకి దిగాయి. ఒళ్లో పిల్ల గుప్పిట తన అరచేతితో మూసేసింది.

అమ్మ రాళ్లు ఏరుతూనే ఉంది. ఒకసారి కూడా తలెత్తలేదు.

నాటిక అయిపోయింది. చప్పట్లు కొట్టారు. సామ్రాజ్యం పిన్ని లేచి, తన చేటలో బియ్యం తపేలాలో పోసి, చేతులు దులుపుకుని, పిల్లనెత్తుకుని గుమ్మం దగ్గరికొచ్చింది. "బాగా రాశావయ్యా ప్రకాశం," అంది. నేను పక్కకి జరిగి దారిచ్చాను.

తర్వాతి గురువారం ఆమె కూడికకి రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

మా ఇంట్లో ఇంకోటి జరిగింది. నాకు ముందు అర్థం కాలేదు. అమ్మ కూడిక నుంచి వచ్చి, చేట గోడకి ఆనించి, చెంగుతో ముఖం తుడుచుకుంది. నేను మెట్టు దగ్గర తయారుగా ఉన్నాను.

"ఏంటమ్మా, ఇవాళ ఏం జరిగింది?"

"ఏముంది. బియ్యం ఏరాం, వచ్చాం."

"రాజమ్మగారు ఏమన్నా అందా?"

"ఏం అంటుంది. ప్రార్థన చేసింది."

అంతే. కూరలమ్మి వచ్చి వెళ్లినా, పక్కింటివాళ్లు దెబ్బలాడుకున్నా, ఏ గొంతూ ఆమె నోట్లోంచి రావడం లేదు. అడిగినదానికి జవాబు, అవసరమైన మాట. అన్నం పెట్టేది, మజ్జిగ పోసేది. ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఇరవై నాలుగేళ్ల దాకా తెలియదు. నాన్న కూడా గమనించినట్టున్నారు. ఒకరోజు ఆయనే ఏదో సరదాగా చెప్పబోయి, మధ్యలో మర్చిపోయి, కళ్లజోడు తుడుచుకున్నారు.

సరిగ్గా అప్పుడే రేడియో నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. నాటికకి శ్రోతల నుంచి మంచి స్పందన వచ్చిందట, ఇలాంటివి ఇంకో మూడు పంపమన్నారు. తెనాలి నుంచి శంకరం స్వయంగా పరుగెత్తుకొచ్చాడు. వేసవిలో బాపట్లలో నాటికల పోటీలట, మద్రాసు నుంచి సినిమాలకి హాస్యం రాసే ఒకాయన న్యాయనిర్ణేతగా వస్తున్నాడట. శంకరం తన బృందంతో 'చిన్న చెయ్యి' వేస్తానని పేరు కూడా ఇచ్చేశాడు.

"ఆయన ముందు నలభై నిమిషాలు నవ్విస్తే చాలురా. పదో పేజీలూ మెతుకులూ ఇంకక్కర్లేదు. ఆయనే మన దగ్గర కూర్చుని వింటాడు," అన్నాడు. అతని కళ్లు చూస్తే నాకూ నిద్ర పట్టకుండా పోయింది. పావుగంట నాటికని నలభై నిమిషాలకి పెంచాలి. దానికి సరుకు కావాలి. సరుకంతా అమ్మ దగ్గర ఉంది, అమ్మ నోరు విప్పడం లేదు.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు పొద్దున్న, అమ్మ పెరట్లో గిన్నెలు తోముతుంటే వెళ్లి నిలబడ్డాను.

"నా మీద కోపమా అమ్మా?"

"నీ మీద ఎందుకురా. నా నోటి మీద."

"పేరు పెట్టలేదు. పిసినారిని కూడా నేనే కల్పించా. పిన్ని పిసినారి అని నేనెప్పుడన్నాను?"

అమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. "అది పిసినారి అయితే నేనెందుకు నవ్విస్తానురా? దాని మొగుడు యాకోబు మిల్లులో బస్తా ఎత్తుతూ నడుం పట్టేసి మంచాన పడి రెండు నెలలు. ఇంట్లో గింజ లేదు. గుప్పెడు మానేస్తే అందరికీ తెలిసిపోద్దని పిల్ల చేత పెట్టించింది. డబ్బా వంచగానే నాకు తెలిసింది. అందరూ ఆ డబ్బాలోకే చూస్తున్నారు. నేనో మాటనేసరికి ఎవరి చేతులు వాళ్లు చూసుకున్నారు. అందుకన్నా ఆ మాట." మళ్లీ గిన్నె అందుకుంది. "నువ్వు ఆ మాట పట్టుకెళ్లి అందర్నీ మళ్లీ దాని డబ్బాలోకే చూపించావు."

మెట్టు మీద ఆ రోజు ఆమె అరచేతిలోకి చూసుకోవడం గుర్తొచ్చింది. చూసినవాణ్ణి నేనే. కలం కోసం వెతుకుతున్నవాణ్ణీ నేనే.

ఆ మధ్యాహ్నమే రైలు కట్ట దాటి వెళ్లాను. మినుము కోతలు నడుస్తున్నాయి, వీధంతా ఖాళీ. యాకోబు బాబాయి వసారాలో గోడకి ఆనుకుని కూర్చుని తాడు పేనుతున్నాడు. పిన్ని అప్పుడే చేలోంచి వచ్చినట్టుంది, కాళ్ల నిండా దుమ్ము. సువార్త గుమ్మంలో ఆడుకుంటోంది. నన్ను చూసి ఆ పిల్ల నవ్వింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"కూర్చో," అంది పిన్ని. మంచినీళ్లిచ్చింది.

"తప్పయిపోయింది పిన్నీ."

"బాగుంది నాటిక. నాకూ నవ్వొచ్చింది. అక్కడే సిగ్గేసింది నాకు." చెంగుతో మెడ తుడుచుకుంది. "కోపంతో మానేశాననుకుంటున్నారా మీరంతా? అది కాదయ్యా. ఆ మర్నాడు రాజమ్మగారు వచ్చింది. పేరమ్మ ఎవరో తెలుసుకున్నాక, ఎందుకట్టా పెట్టిందో కూడా తెలుసుకోవాలిగా ఆమె. కుండలోకి చూసింది. సాయంత్రానికి బియ్యం పంపించింది. ఏ బియ్యం? సమాజం బియ్యం. మేం ఏరినయ్యే. పంతొమ్మిదేళ్ల నుంచి దేవుడికి పెట్టేదాన్ని నేను. ఒక్క వారం మానలేదు. ఇప్పుడు ఆయన దగ్గర తీసుకునేవాళ్ల జాబితాలో రాశారు నన్ను. ఏ మొహంతో రాను కూడికకి?"

యాకోబు బాబాయి తాడు పేనడం ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు.

"ఆ బియ్యం..." అన్నాను.

"వండలేదు. అట్టాగే ఉన్నయ్." మూల మూటవైపు చూపించింది. తర్వాత మామూలుగా, ఊరి సంగతి అడిగినట్టే అడిగింది. "బాపట్లలో కూడా ఆడతారంటగా? మా అమ్మాయి మేరీ అక్కడే ఆసుపత్రిలో ఆయాగా చేస్తుంది. వాళ్ల నాన్న మంచాన పడ్డాడని దానికి చెప్పలేదు, పని వదిలేసి వచ్చేస్తదని. నాటకాలంటే పిచ్చి దానికి. వెళ్తదిలే చూడటానికి."

"ఆడటం లేదు పిన్నీ," అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆడించకూడదని నేను అనుకోలేదు. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఇంటికి కాదు, నేరుగా స్టేషన్‌కి వెళ్లి పాసెంజరెక్కాను. వేమూరు దాటేదాకా శంకరానికి ఎలా చెప్పాలా అని కట్టుకున్న మాటలన్నీ జంపని వచ్చేసరికి మర్చిపోయాను.

సిమెంటు బెంచీ మీద అతను పాత్రల పట్టిక వేసుకుని కూర్చున్నాడు. పేరమ్మ వేషానికి గడ్డం గీయించుకుని సిద్ధంగా ఉన్న మనిషిని కూడా పక్కన కూర్చోబెట్టాడు. చెప్పాను. అంతా చెప్పలేదు, పిన్ని కుండ సంగతి ఇంకో నోటికి ఎక్కించదలుచుకోలేదు. వద్దన్నాను, అంతే.

"ఆ ఊతపదం తీసేద్దాం," అన్నాడు.

"అది కాదు."

"గుడి తీసేసి గుడి బదులు సత్రం పెడదాం. బియ్యం బదులు నూనె."

"వద్దు శంకరం."

"పదిహేడురా. పదిహేడు నాటికలు తిరిగొచ్చినయ్ నాకు. ఒక్కటి, ఒకే ఒక్కటి నిలబడింది, అదీ నీది. దాన్ని కూడా నువ్వే చించేస్తావా?" వేషం మనిషి లేచి అవతలికి వెళ్లాడు. "ఏ ఊళ్లో ఎవరూ నొచ్చుకోకుండా నవ్వు పుడుతుందో ఆ ఊరు చెప్పు. ఇద్దరం అక్కడికే పోదాం."

అతని చేతిలోంచి నాటిక కాగితాలు తీసుకున్నాను. ఇవ్వనని గట్టిగా పట్టుకున్నాడు, తర్వాత వదిలేశాడు. వచ్చే రైలు కోసం ఆ బెంచీకి అటు చివర ఒకడం, ఇటు చివర ఒకడం గంటన్నర కూర్చున్నాం. రైలు కదిలేటప్పుడు అతను చెయ్యి ఊపలేదు. ఆ వేసవిలో బాపట్లలో అతను వియ్యంకుల నాటిక వేశాడనీ, మద్రాసు ఆయన రెండో రోజే వెళ్లిపోయాడనీ వేరేవాళ్లు చెప్పారు. నాతో మళ్లీ మాట్లాడటానికి అతనికి ఏడాది పట్టింది.

ఇంటికొచ్చి కాగితాలు అమ్మ ముందు పెట్టాను. అమ్మ చదవలేదు. "పొయ్యిలో పెట్టకు. వెనకవైపు తెల్లగానే ఉందిగా, మీ నాన్నకి పనికొస్తయ్," అంది. నాన్న వాటి వెనక ఈస్టరు ప్రకటనలు రాసుకున్నారు.

ఈస్టరు వెళ్లిన గురువారం అమ్మ మరచిపోయిన డబ్బా ఇచ్చి రావడానికి గుడి వెనక గదికి వెళ్లాను. లోపలికి వెళ్లలేదు, కిటికీ గట్టు మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. అప్పుడే సామ్రాజ్యం పిన్ని వచ్చింది. ఒక చంకన సువార్త, రెండో చంకన మూట. నన్ను దాటుకుని లోపలికెళ్లింది. లోపల మాటలు ఆగిపోయాయి.

ముందు మూట రాజమ్మగారి ముందు పెట్టింది. "మీరు పంపిన బియ్యం అమ్మా. లెక్క చూసుకోండి. అవసరం తీరింది." తర్వాత తన డబ్బా మూత తీసి వంచింది. తపేలాలో పడ్డది బియ్యం చప్పుడు కాదు. "మినుములు. కూలి కింద ఇచ్చారు. దేవుడు గారెలు తినడా ఏంటి?"

ఎవరూ నవ్వలేదు. నవ్వవచ్చో లేదో వాళ్లకి తెలియలేదు. రాజమ్మగారు కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను కిటికీలోంచి చూస్తూ ఆగిపోయాను. పిన్ని ఇంకా నిలబడే ఉంది.

అప్పుడు అమ్మ గొంతు వినిపించింది. మూడు వారాల తర్వాత.

"కూర్చో సామ్రాజ్యం. మా ఇంట్లో జరుగుతున్నది వింటే నువ్వు కూలి మర్చిపోతావు. మా రచయిత పొద్దున్నే లేస్తాడా, మొహం కడగడు. గేటు." అమ్మ లేచింది, చాప చప్పుడైంది. నా నడక నాకు కనిపించింది. మెడ ముందుకు చాపి, చేతులు వెనక్కి కట్టి, మూడడుగులు వేసి ఆగి, వీధి చివరికి చూడటం. "పాపం వెంకటరత్నంగారు వీణ్ణి చూసి సైకిలు దిగి పక్కసందులోంచి నడిపించుకుపోతన్నాడమ్మా! ఇంక అన్నం తినేటప్పుడు ఒక్క మెతుకు తీసి పక్కన పెడతాడు. పిచ్చుకకేమో, నా కొడుకు ఎంత జాలిగలవాడో అనుకున్నా. కాదు. కాగితాల మధ్య పెట్టి రేడియోవాళ్లకి పంపిస్తాడంట! మనం దేవుడికి గుప్పెడు పెడతాం, వీడు రేడియోకి మెతుకు పెడతాడు. మనది దేవుడు ఉంచుకుంటాడు. వీడిది వాళ్లు తిప్పి పంపుతారు!"

గదిలో ఒకరిద్దరు కిసుక్కుమని ఆపుకున్నారు. అందరూ ఒక్కరి కోసమే ఆగారు.

"మరి అక్కా," అంది సామ్రాజ్యం పిన్ని నిదానంగా, "ఆ మెతుకు ఎవరి గుప్పెట్లోదో అడిగావా?"

గదంతా విరగబడి నవ్వింది. రాజమ్మగారి నవ్వు అన్నిటికన్నా పైన వినిపించింది. పిన్ని నవ్వు అమ్మ నవ్వుతో కలిసిపోయి ఏది ఎవరిదో తెలియలేదు. నేను కిటికీ కింద గోడకి ఆనుకుని, నా మీద నేనే నవ్వుతూ, ముక్కు తుడుచుకుంటున్నాను. ఎవరో కిటికీలోంచి తొంగిచూసి, "కృపమ్మా, మీ వాడు ఇక్కడే ఉన్నాడే!" అని కేకేశారు.

"రాసుకుంటున్నాడేమో చూడండి," అంది పిన్ని.

గుమ్మంలోకి వెళ్లి రెండు చేతులూ చాపి చూపించాను. ఖాళీగా ఉన్నాయి. పిన్ని ఆ చేతుల్ని తేరిపార చూసింది, నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు ఆమె ముఖంలో.

"ఖాళీగా ఎందుకు మరి, వచ్చి ఏరు," అంది.

అమ్మ తన చేట నావైపు తోసింది. ఇద్దరి మధ్యా చాప మీద కూర్చున్నాను. బియ్యంలో మినుములు కలిసిపోయాయి, రెండూ వేరుచేసేసరికి సాయంత్రమైంది.